ఇల్లు కడితే ఫర్వాలేదు, పడవ కడితే తప్పు!

సంపాదకుడు గారికి,
నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం సంచికలో ‘ఇంటి ముందే కాలువ, కాలువలో పడవ’ అని అరపేజీ కథనం వేశారు. గోదావరి జిల్లాల్లో కాలువగట్టు ఇళ్లకు గిరాకీ పెరిగిందట, పొద్దున్నే కాఫీ తాగి పడవెక్కి షికారు వెళ్లొచ్చట. ఆ రోజే రాయబోతే మా ఆవిడ “కోపం మీద రాయకండి, నాలుగు రోజులు ఆగండి” అంది. పధ్నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు.

నిడదవోలుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య ఏలూరు కాలువ పక్కన నేనూ అలాంటి ఇల్లే కొన్నాను. పాత పెంకుటిల్లు, రెండు కొబ్బరిచెట్లు, ఓ మునగచెట్టు, ఎదురుగా రేవు. అమ్మినాయన దస్తావేజులో ‘రేవు మెట్లు, పడవ కట్టుకొను గుంజతో సహా సర్వహక్కులతో’ అని రాయించాడు. ఆ ఒక్క ముక్కకీ మూడు లక్షలు అదనంగా ఇచ్చాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో కూర్చుని ఊళ్లోవాళ్ల దస్తావేజులన్నీ భూతద్దం పెట్టి చదివినవాణ్ని, నా దస్తావేజు దగ్గరికొచ్చేసరికి బోర్లా పడ్డాను. అదే కాగితంలో నాలుగు లైన్ల కింద హద్దుల్లో ‘పడమర: గవర్నమెంటు కాలువ గట్టు’ అని శుభ్రంగా ఉంది. మా ప్రహరీకీ నీళ్లకీ మధ్య పన్నెండు గజాల గట్టు. అది అమ్మినాయనది కాదు, వాళ్ల నాన్నదీ కాదు. ఆయనది కానిదాన్ని ఆయన నాకెలా అమ్ముతాడు? ఈసీ, అంటే స్థలం మీద అమ్మకాలూ తాకట్లూ చూపే రిజిస్ట్రారాఫీసు పత్రం, తీయిస్తే మచ్చ లేకుండా వచ్చింది. రాక ఏం చేస్తుంది, ఈసీలో కనపడేది నేను కొన్న స్థలం మీద జరిగిన లావాదేవీలే. గట్టు సంగతి దానికేం పట్టింది? చూడాల్సింది ఎఫ్‌ఎంబీ నకలు, అంటే సర్వే వాళ్ల కొలతల పటం, గట్టు మీద పాతిన హద్దురాళ్లు. మీ విలేఖరి వీటిలో ఒక్కదాని ఊసైనా ఎత్తలేదు. మీరు వేసిన ఫొటోలో కాలువ నిండుగా ఉంది, కొబ్బరాకుల నీడ కూడా పడింది. ఎండాకాలం కాలువలకి నీళ్లు కట్టేశాక వచ్చి తీసుకోమనండి ఫొటో. మా రేవు ముందు బురద, అందులో కూరుకుపోయిన సీసాలు, ఎవరిదో ఒంటి చెప్పు. ఆ నెలల్లో పడవెక్కాలంటే ముందు దాన్ని మోసుకెళ్లాలి.

సరే, కొన్నాను, పదహారు అడుగుల నాటు పడవ ఒకటి చేయించుకున్నాను. ఇంజను లేదు, గెడ వేసుకునేదే. పాత గుంజ పుచ్చిపోతే కొత్తది పాతి, మోకు వేసి కట్టాను. పదకొండో రోజున నోటీసు వచ్చింది. ‘విషయం: కాలువ గట్టుపై అక్రమ కట్టడం.’ నేను చేసింది పడవ కట్టడమే కాబట్టి ఆ మాట ఒక రకంగా నిజమేనండి. కానీ మా గుంజకి ఇటు యాభై గజాల్లో, అటు యాభై గజాల్లో అదే గట్టు మీద ఏమేం కట్టారో చెప్తాను. చికెన్ కొట్టు. దాని పక్కన టీ బడ్డీ. ఆ బడ్డీ రేకుకి ‘ఈ స్థలము ప్రభుత్వమునకు చెందినది, ఆక్రమించినచో శిక్షార్హులు’ అనే బోర్డు మేకులతో కొట్టి ఉంది, ఎండ తగలకుండా బాగా పనికొస్తోంది. ఆపైన ఓ పార్టీ జెండా దిమ్మ, రెండంతస్తుల షాపు. వీటిల్లో ఒక్కదానికీ నోటీసు లేదు. చికెన్ కొట్టు చెత్త సాయంత్రం ఏడింటికి గోనెసంచుల్లో కాలువలోకి వెళ్లిపోతుంది, అదీ ఎవరికీ కనపడదు. నా చింతకర్ర గుంజ మాత్రం రోడ్డు మీంచే కనపడిందట.

నోటీసు పట్టుకుని తిరిగాను. మొదటి ఆఫీసులో “గట్టు మాది, పడవ సంగతి మాకు తెలీదు” అన్నారు. రెండో ఆఫీసులో “పడవకైతే ఇక్కడికే రావాలి, మోటారు ఉంటేనే చూస్తాం” అన్నారు. మోటారు లేకపోవడం కూడా లోపమేనని అప్పుడే తెలిసింది. మూడో చోట ఓ కుర్రాడు “సార్, కచ్చులూరు తర్వాత పడవ అంటే ఎవరూ సంతకం పెట్టరు” అని ఉన్నమాట చెప్పాడు. 2019 సెప్టెంబరు 15న జరిగిన ఆ ఘోరం తర్వాత భయం ఉండటం న్యాయమే, కాదనను. ఆ పడవ మోటారుతో నడిచే పర్యాటకుల పడవ, వరద గోదారి సుడిలో మునిగింది. నాది పంట కాలువలో గెడ పడవ, ఎక్కేది నేనూ మా మనవడూ. తేడా చూడటానికేగా అధికారులున్నది?

చట్టాలు లేక కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లోనే, 1890లో, కాలువలకీ బల్లకట్లకీ ఓ చట్టం చేసి పడవలకు లైసెన్సు, సుంకం పెట్టారు. 2021లో కేంద్రం దేశీయ నౌకల చట్టాన్ని కొత్తగా తెచ్చింది. ఇంజను లేని పడవల నమోదును గ్రామస్థాయి సంస్థలకు కూడా అప్పగించే వీలు అందులో ఉంది. ఈ మాట చెప్తే “జీవో వచ్చిందా?” అని నన్నే అడుగుతున్నారు. జీవో నేనివ్వాలా?

ఓ లాయరు గారు అనుభవ హక్కు కింద చూద్దామన్నారు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం, ఇరవై ఏళ్లు ఎడతెగకుండా, బాహాటంగా, హక్కుగా వాడుకుంటే ఆ వాడకం హక్కవుతుంది. ప్రభుత్వ భూమి మీదైతే ముప్పై ఏళ్లు. పైగా దావా వేసే నాటికి ముందు రెండేళ్ల లోపు దాకా ఆ వాడకం సాగుతూ ఉండాలి. అమ్మినాయన తాతగారు అక్కడ ధాన్యం పడవలు కట్టిన మాట ఊళ్లో ముసలివాళ్లంతా చెప్తారు. కానీ రోడ్డు పడి లారీలొచ్చాక ఆ రేవులో కట్టింది గేదెల్నే. గేదెల హక్కు మీద పడవకి దావా నిలబడదని ఆయనే ఫీజు వెనక్కిచ్చేశారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు డబ్బు తిరిగొచ్చింది ఆ ఒక్కచోటే.

ఇంకో విచిత్రం. మా ఇంటి ముందున్నది ఉత్త పంట కాలువ కాదు, జాతీయ జలమార్గం! కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువల్నీ, గోదావరి, కృష్ణా నదుల్నీ కలిపి 1,078 కిలోమీటర్లు జాతీయ జలమార్గం-4 అని 2008లో ప్రకటించారు. అందులో ఏలూరు కాలువ వాటా 139 కిలోమీటర్లు. కాగితం మీద ఇక్కణ్నించి బెజవాడ మీదుగా బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు వెళ్లొచ్చు. నిజంగా వెళ్దామని బయల్దేరితే మొదటి వంతెన దగ్గరే తల వంచాలి, రెండోదాని దగ్గర పడవలో పడుకోవాలి. తెల్లదొరలు కట్టిన కమాను వంతెనల కింద తెరచాప దించుకుని పెద్ద పడవలు పోయేవి. మనవాళ్లు నీళ్లకి మూరెడెత్తున శ్లాబు పోసి శిలాఫలకం పెట్టుకున్నారు. అవి తప్పించుకున్నా గుర్రపుడెక్క. అదీ దాటితే లాకులు. రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, నీళ్లు నింపి పైకెత్తడానికో, వదిలి కిందికి దించడానికో కట్టినవి అవి. ఇప్పుడు ‘లాకులు’ అంటే మా పిల్లలకి బస్టాపు పేరు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర, సాగు ఎంతో రవాణా అంతే అనుకుని ఈ కాలువలు తవ్వించాడు. ఆయన విగ్రహానికి ఏటా దండ వేస్తున్నాం, ఆయన కాలువలో గోనెసంచి వేస్తున్నాం.

మా అమ్మాయి బర్మింగ్‌హాంలో ఉంటుంది. అక్కడా ఊరి నిండా కాలువలే. పెరడు నీళ్లదాకా ఉన్నంతమాత్రాన పడవ కట్టుకోవడానికి వీల్లేదని, దానికి అనుమతి తీసుకుని ఏటా రుసుం కట్టాలని చెప్పింది. 2012 నుంచి అక్కడి కాలువల్ని ఓ ధర్మకర్తృత్వ సంస్థ చూస్తోంది, అడగాల్సింది వాళ్లనే. నేనూ ఊరికే కట్టుకోనివ్వమనట్లేదండి. ఏడాదికి ఇంతని చెప్పండి, చలానా తీసి కడతాను. ఎవరి పేరున తీయాలో చెప్పే నాథుడే లేడు. బ్యాంకులో పనిచేసినవాణ్ని, డబ్బు తీసుకోవడానికి ఇంత మొహమాటపడే ఆఫీసుల్ని నా సర్వీసులో చూడలేదు.

నాలుగు అర్జీలు పెట్టాను. కుదిరితే కుదురుతుందని, కుదరకపోతే కుదరదని ఒక్క లైను రాసి సంతకం పెట్టి ఇమ్మని. నోటీసు పదకొండు రోజుల్లో వచ్చింది, జవాబు మాత్రం పదకొండు నెలలైనా రాలేదు. ఆ ఒక్క లైను వస్తే చాలు, కుదరదన్నా సరే, పడవని ఎవరైనా చేపలవాళ్లకి ఇచ్చేస్తాను. ప్రస్తుతం అది మునగచెట్టు కింద రెండు తాటి దుంగల మీద బోర్లించి ఉంది. దాని కింద మా పక్కింటివాళ్ల కోడి పొదిగింది.

మీకో మనవి. ఈసారి కాలువగట్టు ఇళ్ల గురించి వేసేటప్పుడు ఫొటో కాస్త చిన్నది చేసి, గట్టు ఎవరిదో కనుక్కుని కొనమని ఒక లైను వేయండి.

ఇట్లు,
ఏలూరు కాలువ గట్టు నుంచి
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి