వార్తలాయనకు గొంతు పట్టేసింది

మిర్యాలగూడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రేడియో,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టు, పడతా. కోతలు, ఆ వెంటనే అక్క పురుడు, మధ్యలో నాయన మోకాలు, ఊపిరాడలేదు. నాయన ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. అక్కకు మళ్ళీ ఆడపిల్లే, బాగుంది. నేను ఇంకా ఆ మిల్లు మోటార్లతోనే. అయిపోయాయి వార్తలు. అసలు సంగతి విను. వేరే ఎవరికి చెప్పినా "గింతేనా" అంటారు, నువ్వనవు.

మా టీవీకి గొంతు పట్టేసింది.

ముందుగా కనిపెట్టింది నాయనమ్మ. ఏడింటి వార్తలు చదివే ఆయనకు జలుబు చేసిందట. "పాపం, జెరన్ని మిరియాల పాలు తాగరాదు" అని రోజూ టీవీకే చెప్పేది. మేం నవ్వుకున్నాం. వారం దాటినా ఆ జలుబు తగ్గదే! ఆయన నోరు తెరిస్తే చాలు, వెనక బర్ర్‌ర్... తుమ్మెదను అగ్గిపెట్టెలో పెట్టి మూసినట్టు. ఆయన పక్కన కూర్చున్న అమ్మాయి చదివితే మాత్రం ఏ గోలా లేదు.

మెకానిక్ వచ్చాడు. మూత కూడా విప్పకుండా "బోర్డు పోయింది, నాలుగున్నర వేలు" అని చెప్పి, చాయ్ తాగి పోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఐటీఐలో మన బల్బు సారు ఏమనేవాడు? ముందు చెవి, తర్వాత చెయ్యి, ఆఖరుకు స్క్రూడ్రైవర్. (నువ్వు ఎప్పుడూ ఆఖరుదే ముందు పట్టుకునేవాడివి, అది వేరే కథ.)

సరే, చెవితోనే మొదలుపెట్టా. సౌండ్ సున్నా చేస్తే గోల లేదు. కరెంటు హమ్ అయితే సౌండ్‌తో పని లేకుండా, 50 హెర్ట్జ్‌దో దానికి రెట్టింపు 100దో, ఒకే తీరున గుయ్యిమంటూ ఉండాలి కదా. అది కాదు. సెట్‌టాప్ బాక్స్ వైరు పీకేసి పెన్‌డ్రైవ్‌లో బతుకమ్మ పాటలు పెట్టా. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా బర్ర్. బాక్సు బతికిపోయింది. ఇయర్‌ఫోన్ గుచ్చి వార్తలు విన్నా. ఆయన గొంతు తేనెరా! అంటే బోర్డు నుంచి సౌండు మంచిగానే వస్తోంది, రోగమంతా స్పీకర్లో. నాలుగున్నర వేలు మిగిలాయని అక్కడే ఎగిరి గంతేశా.

ఆ తర్వాత కొంచెం పిచ్చి పని చేశా. బొంగురుగా మొదలై, పోను పోను సన్నబడే టోన్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టా. 100 హెర్ట్జ్ దగ్గర ఆ బుల్లి స్పీకర్లు అసలు పలకనే లేదు. 140 దాటగానే బర్ర్ మొదలు, 165కి వచ్చేసరికి మాయం. మగవాళ్ళ గొంతు మామూలుగా 85 నుంచి 180 మధ్యలో ఉంటుంది, ఆడవాళ్ళది 165 పైన. ఇప్పుడు అర్థమైందా, జలుబు ఆయనకొక్కడికే ఎందుకు చేసిందో? అమ్మ వంటింట్లోంచి "ఆ ఊళ ఆపుతవా లేదా" అని అట్లకాడతో వచ్చింది. అప్పటికే టోన్ ఈలలా మారింది, వీధిలో కుక్క అందుకుంది.

షోకేసులో స్టీలు గ్లాసుల మీద కూడా అనుమానం వచ్చి అన్నీ తీసేశా. అవి కాదు. సెట్టింగుల్లో సౌండు మొత్తం కుడికి జరిపితే సాఫు, ఎడమకు జరిపితే గోల. వెనక ఎడమవైపు అరచేత్తో నొక్కితే బర్ర్ కాస్తా టిక్‌టిక్ అయింది. దొరికాడు దొంగ.

ప్లగ్గు పీకి అరగంట కూర్చున్నా. పవర్ బోర్డు మీద పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలవుంటుంది, హాస్టల్లో నీకు జరిగిన సన్మానం నేను మర్చిపోలేదు. బొంత పరిచి, టీవీని బోర్లా పడుకోబెట్టి, పన్నెండు స్క్రూలు విప్పా.

ఎడమ స్పీకరు, పొడుగాటి నల్లది. దాని మూతి కిందికి, వీపు పైకి. ఆ కాగితం కోను వీపు మీద, చట్రం సందుల్లో... వడ్ల గింజలు! లెక్కపెట్టా, పదకొండు. వెంటనే తీయబుద్ధి కాలేదురా. స్పీకర్ వైరు బోర్డు నుంచి ఊడదీసి, గోడ గడియారంలో పెన్సిల్ సెల్లు తెచ్చి తాకించా. టక్. పదకొండూ ఒక్కసారి ఎగిరి పడ్డాయి. మళ్ళీ టక్. మళ్ళీ ఎగిరాయి. ఎంతసేపు ఆడుకున్నానో తెలియదు. మీ నాయన రేడియో విప్పి నువ్వు ఇట్లాగే సెల్లు తాకించిన రోజు గుర్తొచ్చింది. నీకు ఆ పేరు పడ్డ రోజు. మీ నాయన కొట్టలేదు, ఉట్టిగా చూసి... సరే, అది ఇంకోసారి.

టీవీ బల్ల పక్కనే తిండి వడ్ల బస్తాలు పెట్టాం. అమ్మ చూడగానే "ఎలుక" అంది. కానీ ఎలుక అయితే గింజ కొరికి పొట్టు వదలాలి. ఇవి చెక్కుచెదరని గింజలు. అప్పుడు చూశా, అక్క పెద్దబిడ్డ తలుపు చాటున నిలబడి కొంగు నములుతోంది, వాళ్ళమ్మ కొంగే. నాలుగేళ్ళు దానికి.

"నువ్వేశినవా?"

"కోళ్ళకేశిన."

ఆ మధ్య ఓ పొద్దున టీవీలో రైతుల కార్యక్రమంలో కోళ్ళ ఫారం చూపించారట. "ముంగట ఏస్తె తింటలేవు మామా, గందుకె ఎనుకకెల్లి ఏశిన."

నేను ఏమనాలి చెప్పు! అక్క కొట్టబోతే నాయనమ్మ అడ్డం పడింది. నాయన మాత్రం "పదకొండేనా, ఇంకా ఉన్నయా చూడు, మంచి గింజలు" అన్నాడు.

మళ్ళీ బిగించా. ఒక స్క్రూ మిగిలింది. నవ్వకు. నీకు ఎన్ని మిగిలేవో నేను రాయడం లేదు కదా. సాయంత్రం వార్తలాయన నోరు తెరిచాడు, గలగలా చదివాడు. నాయనమ్మ నా వైపు కూడా చూడలేదు. "చూశినవా, తాగిండు మిరియాల పాలు" అంది.

అన్నట్టు ఆ సంబంధం గురించి అడిగావు కదా. పోయిన వారం వాళ్ళు వచ్చారు, పిల్ల... అబ్బ, బయట ఆటో హారన్ కొడుతోంది. బావ హైదరాబాద్ పోతున్నాడు, ఉత్తరం ఆయన చేతికిస్తే అక్కడ పోస్టు చేస్తాడు. చెప్పులు కూడా వేసుకున్నాడు. మిగతాది

నీ,
స్క్రూగాడు