తాతయ్య పెన్ను వేడినీళ్ళలో వేయకండి

మాడిసన్,
అక్టోబరు 12

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? రోజూ ఫోన్ చేసేవాడు ఈ ఉత్తరం ఎందుకు రాశాడా అనుకుంటారేమో. కొత్త పెన్ను కొన్నాను మరి. నాకే కొత్త, వయసులో మీకన్నా పెద్దది.

పార్కర్ 51. మాకు గంట దూరంలోని జేన్స్‌విల్‌లో తయారైంది. కంపెనీ పెట్టిన 51వ ఏట తయారైందని ఆ పేరు పెట్టారు. అమ్మకం జోరుగా మొదలైంది 1941లో. నాది 1949 నాటిదని షాపాయన చెప్పాడు. పాళీ దాదాపు మొత్తం లోపలే ఉంటుంది, కొన మాత్రమే బయటికి కనిపిస్తుంది. అందుకే మధ్యలో ఆగి ఆలోచించినా సిరా ఆరిపోదు. తెలుగు రాయడానికి అక్షరానికోసారి ఆగే నాకు సరిగ్గా సరిపోయింది. గొట్టం విప్పి, లోపలి పట్టీని నాలుగైదుసార్లు నొక్కితే సిరా ఎక్కుతుంది. ఇన్నేళ్ళైనా లోపలి సంచి మెత్తగానే ఉంది!

అసలు సంగతి ఇది కాదు. అంతకుముందు ఇంకో పాత పెన్ను కొన్నాను, ఎబొనైట్‌ది. పాళీలో గడ్డకట్టిన సిరా వదులుతుందని రాత్రంతా గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాను. తెల్లారేసరికి నిగనిగలాడే నల్లటి పెన్ను బురద రంగుకి తిరిగింది, పైగా గంధకం వాసన. రబ్బరుని గంధకంతో ఉడికించి గట్టిపరిస్తేనే ఎబొనైట్, వెలుతురూ తేమా దానికి పడవు. ఆ సంగతి డబ్బులు పోయాక తెలిసింది.

అప్పుడు బీరువాలోని తాతయ్యగారి రత్నం పెన్ను గుర్తొచ్చింది. అదీ ఎబొనైటే కదా. రాజమండ్రిలో రత్నంగారు స్వదేశీ పెన్ను చేసి గాంధీగారికి పంపడం, 1935లో ఆయన జాబు రాయడం షాపాయనకి చెప్తే, నోరు తెరుచుకుని విన్నాడు. మన రాజమండ్రి పేరు మూడుసార్లు పలికించుకున్నాడు కూడా.

మీరు దాన్ని శుభ్రం చేయాలనుకుంటే పాళీ, దానికి సిరా అందించే నాలుక ఉన్న ముక్కని మాత్రం విప్పి, మామూలు చన్నీళ్ళలో కాసేపు ఆడించి, గుడ్డతో ఒత్తి ఆరబెట్టండి. గొట్టాన్ని తడపొద్దు. ఎండలో అసలు పెట్టొద్దు. పాళీ బిగుసుకుపోయి ఉంటే లాగకండి, అలాగే ఉంచేయండి.

సంక్రాంతికి వస్తున్నాను, అప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం. అందాకా తమ్ముణ్ని దాని దగ్గరికి రానివ్వకండి. చేతికి దొరికిందల్లా విప్పుతాడు, బిగించడం మాత్రం రాదు.

మీ అబ్బాయి