ఇంటి డిష్‌కు స్వేచ్ఛ, వ్యాపార డిష్‌కు అనుమతి: నగరానికి నిబంధన కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎండాకాలం గాలిదుమారాలు మొదలయ్యేలోగా మన నగర పాలకులు ఒక పని చేయాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. హైదరాబాద్‌లో టెర్రస్‌ల మీద, పిట్టగోడల మీద, బాల్కనీ గ్రిల్స్‌కు బిగించిన డిష్‌లకు స్పష్టమైన నిబంధనలు కావాలి. ఎంత సైజు వరకు ఎవరినీ అడగకుండా పెట్టుకోవచ్చు, ఎంత దాటితే అనుమతి తీసుకోవాలి, ఎక్కడ బిగించకూడదు, వాడకం ఆపేశాక ఎవరు తీయాలి అన్నది అందరికీ అర్థమయ్యేలా ఒక్క పేజీలో ఉండాలి. ఇప్పుడు ఇదంతా అసోసియేషన్ ఇష్టాన్ని బట్టి, ఇంటి ఓనరు దయను బట్టి, బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ తొందరను బట్టి నడుస్తోంది.

నేను కూకట్‌పల్లి వైపు ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని. మా టెర్రస్ ఎక్కితే దక్షిణం వైపు పిట్టగోడ పొడవునా డిష్‌లే. వాటిలో చాలావరకు పని చేయడం లేదు. కొన్నింటికి డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే పరికరం ఊడి వైరు చివర వేలాడుతోంది. ఒకదాని అడుగు ప్లేటుకు నాలుగు బోల్టులు ఉండాల్సిన చోట రెండే మిగిలాయి. వాటి చుట్టూ తుప్పు కారి గోడ మీద ఎర్రటి చారలు పడ్డాయి. ఆ గోడకు సరిగ్గా కింద పిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడతారు. ఇంకో డిష్‌ను ఏకంగా స్లాబుకే డ్రిల్లు వేసి బిగించారు. దాని కింద ఐదో అంతస్తు పడకగది ఉంది. వానలు మొదలైతే ఆ ఇంటావిడ మంచం పక్కకు జరిపి బకెట్ పెట్టుకోవాల్సి వస్తోంది. డిష్ పెట్టించుకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు ఎవరు భరించాలన్న గొడవ మాత్రం మా మీటింగుల్లో ఇంకా తెగలేదు.

అలాగని డిష్‌లన్నీ పీకించేద్దాం అనేవాళ్లతో నేను ఏకీభవించను. కొన్ని సంఘాలు ఎలివేషన్ పాడవుతుందని బాల్కనీలో వద్దంటాయి, స్లాబు పాడవుతుందని టెర్రస్ మీదా వద్దంటాయి. మరి ఎక్కడ పెట్టుకోవాలి? డిష్‌ను మనకు వీలున్న వైపు తిప్పుకుంటే సిగ్నల్ రాదు. మన డీటీహెచ్ ఉపగ్రహాలు భూమధ్య రేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, 83 నుంచి 108 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉన్నాయి. హైదరాబాద్ 78.5 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి ఇక్కడి డిష్ దక్షిణానికో ఆగ్నేయానికో తిరిగి, ఎదురుగా అడ్డం లేని ఆకాశాన్ని చూడాలి. ఉత్తరం ముఖం బాల్కనీ ఉన్న ఫ్లాటుకు టెర్రస్ తప్ప దారి లేదు. ఆ ఫ్లాటువాళ్లకు టెర్రస్ తాళం ఇవ్వకపోవడం అంటే డిష్ పెట్టుకోవద్దని చెప్పడమే.

అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది కిరాయికున్నవాళ్లు. ఈ నగరంలో ఒడిశా, బెంగాల్, కేరళ నుంచి వచ్చి బతుకుతున్నవాళ్లకు తమ భాష చానళ్లు గల్లీ కేబుల్‌లో అన్నీ దొరకవు. నెలనెలా డబ్బు కట్టనక్కర్లేని డీడీ ఫ్రీ డిష్ మీద ఆధారపడ్డ కూలీ కుటుంబాలూ ఉన్నాయి. అడ్వాన్సు కట్టి, నెలనెలా మెయింటెనెన్స్ కూడా ఇస్తున్న మనిషి టెర్రస్ మీద రెండడుగుల డిష్ పెట్టుకోవడానికి బతిమాలుకోవాల్సి రావడం న్యాయం కాదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) టెర్రస్‌ను ఉమ్మడి ప్రాంతాల్లో చేర్చింది. ఉమ్మడి జాగా అన్నాక ఎవరూ దాన్ని ఆక్రమించకూడదు, ఎవరినీ రానివ్వకుండా తాళమూ వేయకూడదు.

అమెరికాలో ఈ తగువుకు 1996లోనే ఒక పరిష్కారం రాశారు. అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నిబంధన ప్రకారం మీటరు వ్యాసం వరకు ఉన్న డిష్‌ను ఎవరైనా తమ ఒక్కరి వాడకంలో ఉన్న చోట పెట్టుకుంటే స్థానిక ప్రభుత్వం గానీ కాలనీ సంఘం గానీ అకారణంగా అడ్డుపడకూడదు. తర్వాత కిరాయిదారులకూ ఈ రక్షణ ఇచ్చారు. భద్రత కోసం, చారిత్రక కట్టడాల కోసం పెట్టే షరతులు మాత్రం చెల్లుతాయి. వ్యాపార, పారిశ్రామిక జోన్లలో రెండు మీటర్ల వరకు ఉన్న డిష్‌లకు కూడా స్థానిక జోనింగ్ ఆంక్షల నుంచి రక్షణ ఉంది. అయితే అందరి ఉమ్మడి టెర్రస్‌కు ఆ హక్కు వర్తించదు. మనం దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే చాలదు. ఇక్కడ చాలామంది అపార్ట్‌మెంట్లలో ఉంటున్నారు కాబట్టి ప్రతి టెర్రస్ మీదా డిష్‌ల కోసం కొంత జాగా కేటాయించాలి. ఒకే డిష్ నుంచి మల్టీస్విచ్ ద్వారా చాలా ఫ్లాట్లకు కనెక్షన్ ఇచ్చే పద్ధతి గేటెడ్ కమ్యూనిటీల్లో ఇప్పటికే ఉంది. కొత్త అపార్ట్‌మెంట్లకు దాన్ని తప్పనిసరి చేస్తే పిట్టగోడ మీద ఇన్ని డిష్‌లు అవసరమే పడవు.

వ్యాపార డిష్‌ల సంగతి పూర్తిగా వేరు. ఇళ్ల మధ్య మామూలు మేడల మీద కేబుల్ కంట్రోల్ రూముల కోసం పెట్టిన పన్నెండడుగుల డిష్‌లు ఇప్పటికీ కనిపిస్తాయి. 2013లో కేబుల్ డిజిటైజేషన్ రెండో దశ హైదరాబాద్‌కు వచ్చాక గల్లీ ఆపరేటర్లు పెద్ద సంస్థల నుంచి ఫీడ్ తీసుకోవడం మొదలుపెట్టారు. దాంతో చాలాచోట్ల ఈ పెద్ద డిష్‌ల పని అయిపోయింది. అవి మాత్రం కిందికి దిగలేదు. రెండడుగుల డిష్‌తో పోలిస్తే పన్నెండడుగుల డిష్ వెడల్పు ఆరు రెట్లు, కానీ దానికి గాలి తగిలే వైశాల్యం ముప్పై ఆరు రెట్లు. జాలీ డిష్ అయితే గాలి ఒత్తిడి కొంత తగ్గుతుంది, రేకుది అయితే మొత్తం దాని మీదే పడుతుంది. కట్టడాల మీద గాలి భారాన్ని లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాద్‌కు లెక్క కోసం ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. రెండంతస్తుల పాత ఇంటి స్లాబు మీద నాలుగు ఇటుకల దిమ్మె కట్టి దాని మీద ఇనుప స్టాండు నిలబెట్టినప్పుడు ఈ లెక్క ఏ ఇంజినీరైనా చూశాడా? 2024 మే 26న వచ్చిన గాలివానకు మన రాష్ట్రంలో పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. అలాంటి గాలి మళ్లీ రాదని ఎవరూ చెప్పలేరు.

ఇంట్లో టీవీ చూసుకునే మనిషినీ, కాలనీ మధ్యలో వ్యాపారం కోసం పెద్ద డిష్ నిలబెట్టిన మనిషినీ ఒకే గాటన కట్టకూడదు. మీటరు లోపు ఉండే ఇంటి డిష్‌కు ఏ అనుమతీ, ఏ ఫీజూ ఉండకూడదు. ఫీజు పెడితే వసూళ్లకు ఇంకో దారి తెరిచినట్టవుతుంది. రోడ్డు వైపుకు వేలాడకూడదు, కరెంటు తీగల దగ్గర ఉండకూడదు, స్లాబుకు డ్రిల్లు వేయకుండా బరువు దిమ్మె మీదో గోడకో బిగించాలి అన్న షరతులు చాలు. హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, బ్యాంకులు, కేబుల్ ఆపరేటర్లు పెట్టే పెద్దవాటికి మాత్రం అనుమతి, స్ట్రక్చరల్ ఇంజినీరు సర్టిఫికెట్, మేడ అంచు నుంచి దూరం, ఏడాదికోసారి తనిఖీ ఉండాలి. నివాస ప్రాంతంలో అయితే చుట్టుపక్కలవాళ్లకు ముందుగా నోటీసు కూడా ఇవ్వాలి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168లో సెట్‌బ్యాక్‌లు, పార్కింగ్ అన్నీ కొలతలతో సహా రాసుకున్నాం. డిష్‌లకు రాయడం అంతకంటే కష్టమేమీ కాదు.

పనికిరాని డిష్‌ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2020 చివర్లో ఏడు కోట్ల దాకా ఉన్న డీటీహెచ్ కనెక్షన్లు 2025 నాటికి ఆరు కోట్ల లోపుకు పడిపోయాయి. జనం ఇంటర్నెట్ టీవీకి మారిపోయారు, డిష్‌లు పైనే తుప్పు పడుతున్నాయి. కొత్త కనెక్షన్ అనగానే గంటల్లో మనిషిని పంపే కంపెనీలు కనెక్షన్ తీసేయించుకున్నవాళ్ల డిష్ దింపే బాధ్యత కూడా తీసుకోవాలి. నోటీసు పెట్టి నెల గడిచినా ఎవరూ రాని డిష్‌ను తీసేసే అధికారం సంఘానికి ఉండాలి.

నిబంధన లేకపోతే ఏమవుతుందో తీగల విషయంలో చూశాం. ఏళ్ల తరబడి కరెంటు స్తంభాలకు ఎవరికి తోచినట్టు వాళ్లు కేబుళ్లు చుట్టారు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత స్తంభాల మీది కేబుళ్లు ఎడాపెడా కత్తిరించారు. ఇంటి నుంచి పని చేసుకునేవాళ్లు, ఆన్‌లైన్ క్లాసుల పిల్లలు ఇంటర్నెట్ లేక అల్లాడారు. ముందే పద్ధతి పెట్టి ఉంటే ఇంత అవస్థ పడేవాళ్లం కాదు. పైగా 2025లోనే ఉపగ్రహ ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌కు కేంద్రం లైసెన్సు ఇచ్చింది. ఉపగ్రహ ఇంటర్నెట్ వస్తే టెర్రస్‌ల మీదికి ఇంకో తరం యాంటెన్నాలు ఎక్కుతాయి.

పురపాలక శాఖ వెంటనే ఒక ముసాయిదా ప్రకటించాలి. దాన్ని తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లలో పెట్టి అభ్యంతరాలకు నెల రోజుల గడువు ఇవ్వాలి. కిరాయిదారులను, కేబుల్ ఆపరేటర్లను, బిగించే టెక్నీషియన్లను కూడా పిలిచి మాట్లాడాలి. ఆలోగా ఇళ్ల మధ్య మేడల మీదున్న పెద్ద డిష్‌లను ఈ వేసవికి ముందే ఒకసారి ఇంజినీర్లతో తనిఖీ చేయించాలని మనవి.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి,
కూకట్‌పల్లి, హైదరాబాద్