పేరు అతను పెట్టుకున్నట్టే వేయండి

సంపాదకుడు గారికి,

మన పత్రికల్లో తైవాన్ అంటే రెండే వార్తలు: చిప్‌లు, చైనా యుద్ధ విమానాలు. ఉద్యోగరీత్యా చిప్‌ల తయారీకి కేంద్రమైన షిన్చులో ఉంటున్నవాణ్ణి కాబట్టి చిప్‌ల గురించి ఫిర్యాదు చేయను. కానీ 2024 ఫిబ్రవరిలో మన దేశానికీ తైవాన్‌కీ మధ్య కార్మికుల ఒప్పందం కుదిరింది. రేపు మన జిల్లాల నుంచి కూడా పనికి వస్తారు. ఇక్కడివాళ్లు దేనికి గొంతు చించుకుని అరుస్తారో వాళ్లకు ముందే తెలిస్తే మంచిది. అది బేస్‌బాల్. ఇక్కడి 500 డాలర్ల నోటు మీద ఉన్నది కూడా సంబరంతో టోపీలు ఎగరేస్తున్న బడిపిల్లల బేస్‌బాల్ జట్టే.

మీ క్రీడల పేజీకి ఒక ఆటగాడి పేరు సూచిస్తున్నాను. గిల్జెగిల్జావ్ కుంక్వాన్. వెయ్ చువాన్ డ్రాగన్స్ క్యాచర్. పైవాన్ అనే ఆదివాసీ తెగవాడు. 2012లో, పద్దెనిమిదేళ్ల వయసులో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లబ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. అక్కడ ఏళ్ల తరబడి మైనర్ లీగ్‌లలోనే ఆడాడు, పెద్ద లీగ్ మెట్టు ఎక్కలేకపోయాడు. కోవిడ్‌తో 2020లో మైనర్ లీగ్ సీజనే రద్దయింది. 2021లో స్వదేశంలో డ్రాగన్స్ జట్టు తీసుకుంది. 2022, 2023లలో వరుసగా తైవాన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టింది ఇతనే. 2023లో జట్టు ఛాంపియన్ అయింది.

క్యాచర్ ఇలా కొట్టడం మామూలు విషయం కాదు. మన వికెట్ కీపర్‌లాగే ఇతనూ బ్యాటర్ వెనక కూర్చుంటాడు, కానీ పని ఇంకా ఎక్కువ. పిచర్ (మన బౌలర్ లాంటివాడు) ఏ బంతి వేయాలో సైగ చేసేది ఇతనే. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతుల్ని మూడు గంటల పాటు గొంతుక్కూర్చుని పట్టాలి. మొదటి బేస్ (పరుగు దారిలోని మజిలీ) మీదున్న రన్నర్ రెండోదానికి పరిగెత్తితే కూర్చున్నచోటి నుంచి లేచి దాదాపు 39 మీటర్ల అవతల ఉన్న రెండో బేస్‌కి విసరాలి. మోకాళ్లు అరిగిపోయే ఉద్యోగం. అప్పటి డ్రాగన్స్ మేనేజర్ (మన కోచ్ లాంటివాడు) యె చున్-చాంగ్ కూడా ఒకప్పుడు ఇదే క్లబ్‌కు క్యాచర్. 1999 చివర్లో మూతపడి, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పుట్టిన క్లబ్ ఇది. దాని పాతకాలం క్యాచర్ చేతికే కొత్త క్యాచర్‌ని అప్పగించడం నాకు బాగా నచ్చింది.

అసలు సంగతి పేరు. అమెరికా వెళ్లినప్పుడు ఇతను చూ లీ-రెన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆదివాసీలందరికీ చైనీస్ పేర్లు తగిలించింది. అంతకుముందు జపాన్ పాలనలో జపనీస్ పేర్లు. తమ పేర్లు తిరిగి నమోదు చేసుకునే హక్కు 1995లో గానీ రాలేదు. చైనీస్ లిపి లేకుండా కేవలం రోమన్ అక్షరాల్లో రాసుకునే వీలు 2024లో వచ్చింది. ఇతను 2019లో తన పైవాన్ పేరు తీసుకున్నాడు. జనాభాలో ఆదివాసీలు మూడు శాతం కూడా లేరు గానీ బేస్‌బాల్‌లో వాళ్ల వాటా చాలా పెద్దది. 1968లో జపాన్ నుంచి వచ్చిన పిల్లల జట్టును 7-0తో ఓడించి దేశాన్ని ఊపేసిన హోంగ్యె అనే ఊరి బడిపిల్లలు బునున్ అనే ఆదివాసీ తెగవాళ్లే.

దేశం పరిస్థితీ దాదాపు అంతే. 2024 నవంబర్ 24న టోక్యో డోమ్‌లో జపాన్‌ని 4-0తో ఓడించి ప్రీమియర్ 12 అనే అంతర్జాతీయ టోర్నీ గెలిచిన తైవాన్ జట్టు, చైనా ఒత్తిడి వల్ల, ఆడింది తైవాన్ పేరుతో కాదు, చైనీస్ తైపీ పేరుతో. ఆ ఫైనల్‌లో మొదటి పరుగు హోమ్ రన్‌తో తెచ్చిందీ, జపాన్‌కి ఒక్క పరుగూ ఇవ్వని పిచర్లను నడిపించిందీ క్యాచర్ లిన్ చియా-చెంగ్. కెప్టెన్ చెన్ చియే-షియెన్ హోమ్ రన్ కొట్టాక ఖాళీగా ఉన్న తన జెర్సీ ఛాతీ మీద వేళ్లతో చట్రం గీసి చూపించాడు, దేశం పేరు ఉండాల్సిన చోట.

జట్టు పేరు సంగతి మీ చేతిలో లేదు, ఒలింపిక్ సంఘం ఒప్పుకున్నదే వేయాలి. ఆటగాడి పేరు మాత్రం మీ డెస్క్ చేతిలో ఉంది. అమెరికన్ లీగుల పాత రికార్డులు వెతికితే చైనీస్ పేరే రావచ్చు, దాన్ని అలాగే ఎత్తి వేయవద్దు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌తో పాటు బేస్‌బాల్ కూడా తిరిగి వస్తోంది. ఆలోపు వారానికో చిన్న కాలమ్ ఈ ఆటకు ఇవ్వగలిగితే, నియమాల దగ్గర నుంచి మొదలుపెట్టండి. ఇన్నింగ్స్ అన్న మాటకే మనవాళ్లు తికమకపడతారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
షిన్చు, తైవాన్