ఆదివారం మన సెల్లార్‌లో కార్పొరేటర్ అభ్యర్థులు

అందరికీ నమస్కారం 🙏

ఆదివారం ఉదయం 10 గంటలకు మన వార్డు అభ్యర్థులు సెల్లార్‌కి వస్తున్నారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు, తర్వాత మన ప్రశ్నలు. శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి. ఫ్లాట్‌కి ఒకటి చాలు.

రెండో గేటు దగ్గర వాన పడగానే పొంగే మ్యాన్‌హోల్ సంగతి నేనే అడుగుతా. "చూస్తాం" అంటే వదలను, ఎప్పట్లోగా అని అడుగుతా 😀

వచ్చేముందు వాళ్ల అఫిడవిట్లు చదవండి. కేసులు, ఆస్తులు, చదువు అన్నీ అందులోనే ఉంటాయి. పార్టీ గొడవలు మాత్రం గ్రూపులో వద్దు, ప్లీజ్.

అసెంబ్లీ లిస్టులో పేరుందని ఊరుకోకండి. వార్డు లిస్టులో ఏ బూత్ పడిందో ఇవాళే చూసుకోండి. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో సగం మంది కూడా ఓటెయ్యలేదు, గుర్తుందిగా!

కుర్చీలు సర్దడానికి 9:30కి ఇద్దరు కావాలి. ఎవరొస్తారు?