ఒకే ఫైల్ ప్యాకేజీ ఇక లేదు

నమస్కారమండీ. సోషల్ మీడియాలో పెట్టుకోడానికి మేం చేసిచ్చే చిన్న వీడియోల్లో, కిందటి నెల మీలో కొందరికి వెళ్లినవి మా స్థాయిలో లేవు. సంగతేంటో నేనే చెప్పేస్తాను.

పని ఎక్కువై ఎడిటింగ్ బయటి టీముకి ఇచ్చాం. ఇన్‌స్టాగ్రామ్‌కి, యూట్యూబ్ షార్ట్స్‌కి, ఫేస్‌బుక్‌కి వేర్వేరుగా కట్ చేయమని రాసి మరీ ఇచ్చాం. వచ్చింది ఒక్కటే ఫైలు, మూడు పేర్లతో! మూలన ఎడిటింగ్ యాప్ లోగో కూడా చెక్కుచెదరలేదు. ఇలాంటి లోగో, అంటే వాటర్‌మార్క్, కనిపించే రీల్స్‌ని తక్కువమందికి చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే చెప్పింది. అదేంటని అడిగితే, "చూసేవాళ్లకి ఏం తెలుస్తుందండీ" అన్నారు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు.

ఎందుకు తెలియదు? ఊడిన సైకిల్ చైన్ ఎక్కించే వీడియోనే చూడండి. "పెడల్ మెల్లగా తిప్పండి" అన్న అసలు ముక్క స్క్రీన్ అడుగున పెట్టారు. రీల్స్‌లో అక్కడే అకౌంట్ పేరు, క్యాప్షన్ వస్తాయి. ఆ ముక్క కాస్తా వాటి కింద పడిపోయింది. ప్రొఫైల్‌లో కవర్, అంటే వీడియో పైబొమ్మ, 3:4కి కత్తిరించి కనిపిస్తుంది కాబట్టి పైనున్న టైటిల్ ఎగిరిపోయింది. యూట్యూబ్‌లో ఇంకా ఘోరం. నిమిషం దాటిన షార్ట్‌కి హిట్ పాట తగిలించారు. కాపీరైట్ క్లెయిమ్ పడింది, వీడియో బ్లాకైంది.

మేమైతే అదే ఐడియాని రీల్‌లో గ్రీజు అంటిన వేళ్ల క్లోజప్‌తో మొదలుపెడతాం. షార్ట్స్‌కి "చైన్ ఊడిపోయిందా?" అన్న గొంతుతో మొదలెట్టి, వెతికేవాళ్లకి దొరికేలా టైటిల్ కూడా అలాగే పెడతాం. ఫేస్‌బుక్‌లో సౌండ్ ఆపి చూసేవాళ్లుంటారు, అందుకే ప్రతి మెట్టూ అక్షరాల్లో ఉంటుంది. షూటింగ్ ఒక్కటే, కట్‌లు మూడు.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం. "ఒకే ఫైల్, అన్నిచోట్లకీ" అనే చౌక ప్యాకేజీ తీసేస్తున్నాను. ఎక్కువమంది తీసుకునేది అదే. మా ఆదాయంలో పెద్ద ముక్క కూడా అదే. తీసేస్తే కొందరు వెళ్లిపోతారని మా ఇంట్లోవాళ్లే అన్నారు. ఉంచుదామా అని ఎన్నిసార్లు అనుకున్నానో! కానీ ఉంచితే ఆ టీము అన్న మాటే నిజమని నేను ఒప్పుకున్నట్టు. అది నావల్ల కాదు. పంతమంటారా, పంతమే అనుకోండి.

పాడైన వీడియోలన్నీ మళ్లీ చేసిస్తాం, పైసా అడగం. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లకి అదే ధరకి మూడు కట్‌లూ ఇస్తాం. ఎడిటింగంతా ఇక మా దగ్గరే. కాబట్టి కొంచెం ఆలస్యమవుతుంది, తొందరపెట్టకండి. పాత ప్యాకేజీయే కావాలంటే ఇచ్చేవాళ్లు బయట బోలెడుమంది. మీ ఒరిజినల్ ఫుటేజ్ అడగండి, ఆ రోజే పంపేస్తాను.