జనవరి పెళ్లిళ్లు: ప్రకటనలకు పేర్లు ఇవ్వండి

సంఘ సభ్యులందరికీ వందనాలు 🙏

జనవరిలో మన గుడిలో పెళ్లి పెట్టుకున్నవారు ఈ శనివారం సాయంత్రం 5 గంటలకు ఆఫీసుకి రావాలి. వరుడు, వధువు ఇద్దరూ రావాలి, తల్లిదండ్రులు మాత్రమే వస్తే కుదరదు.

తెచ్చుకోవలసినవి: బాప్తిస్మ సర్టిఫికెట్, పదో తరగతి మెమో, ఆధార్, ఫొటోలు. మొదటి మూడింటిలో పేరు ఒకేలా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. ఒకదాంట్లో ‘మేరి’, ఇంకోదాంట్లో ‘మేరీ కుమారి’ ఉంటే వీసా దగ్గర ఆగిపోతారు.

అయ్యగారు వరుసగా మూడు ఆదివారాలు ఆరాధనలో పేర్లు చదువుతారు, ప్రకటనలంటే ఇవే. అవతలివారు వేరే సంఘమైతే అక్కడా చదివించి, అభ్యంతరం లేదని ఉత్తరం తేవాలి. చివరి వారం హడావుడిగా వస్తే ఆయన చేతిలో ఏమీ ఉండదు.

పెళ్లి రోజు సంగతి. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. ఫొటోగ్రాఫర్ కోసం ఆగకండి! ఇద్దరు సాక్షులు సంతకాల దాకా ఉండాలి, భోజనాలకి ముందే వెళ్లిపోవద్దు. రిజిస్టర్లో తప్పు పడితే వైట్‌నర్ పూయరు. అసలు రాత అలాగే ఉంచి, దంపతుల ఎదుట మార్జిన్లో సరిదిద్దుతారు. అందుకే సంతకం ముందు ప్రతి అక్షరం చదవండి.

బయటి పాస్టర్ గారిని పిలుస్తున్నారా? వాక్యం చెప్పొచ్చు, దీవించొచ్చు. పెళ్లి జరిపించాలంటే మాత్రం ఆ చట్టం కింద అధికారం ఉండాలి. లేకుండా జరిపిస్తే సెక్షన్ 68 కింద నేరం. పిలిచే ముందే లైసెన్స్ కాపీ అడగండి, మొహమాటపడొద్దు.

వచ్చేవాళ్లు ఇక్కడే 👍 పెట్టండి. శనివారం 5 గంటలు, మర్చిపోకండి.